లిఫ్టు ఉందా అని అమ్మ అడిగింది



చిత్తూరు నుంచి వెల్లూరుకు సుమారు 35 కిలోమీటర్లు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనదీ వాళ్లదీ ఒకే జిల్లా, ఉత్తర ఆర్కాటు. అప్పట్లో దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. ఆ తర్వాత జిల్లాలు వేరయ్యాయి, రాష్ట్రాలు వేరయ్యాయి. అయినా ఒంట్లో బాగాలేకపోతే మా వైపు వాళ్ల కాళ్లు అటే పోతాయి. 1900లో అయిడా స్కడర్ అనే డాక్టరమ్మ ఒకే ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ సి.ఎం.సి. అయింది. ఆ ఆస్పత్రి చుట్టుపక్కల వీధుల్లో నిలబడితే తమిళం, తెలుగు, బెంగాలీ, హిందీ కలిసి వినిపిస్తాయి. ఆ వీధుల నిండా లాడ్జీలు, మెస్సులు, మందుల షాపులు, జెరాక్సు కొట్లు. ఇవన్నీ చిన్న వ్యాపారాలే.

కొన్నేళ్ల కిందట మా అమ్మ మోకాళ్లు చూపించడానికి వెల్లూరు వెళ్లాల్సి వచ్చింది. ముందురోజు రాత్రి ఫోనులో లాడ్జీలు వెతికాను. ఒక వెబ్‌సైటు కళ్లు చెదిరేలా ఉంది. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి జరిగిపోతున్నాయి. పూలకుండీలు, తెల్లటి దుప్పట్లు, చిరునవ్వుతో నిలబడిన రిసెప్షను అమ్మాయి. అమ్మ నా భుజం మీదుగా చూసి ఒకటే మాట అడిగింది: “లిఫ్టు ఉందా నాయనా?”

పేజీ పైనుంచి కిందికి వెతికాను. ఎక్కడా లేదు. అక్కడున్న నంబరుకు ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. “ఇంత పెద్ద లాడ్జిలో ఉండదా, ఉంటుందిలేమ్మా” అన్నాను. తీరా వెళ్తే లిఫ్టు లేదు. కింది గదులన్నీ నిండిపోయాయి. మూడో అంతస్తులో ఇచ్చారు. ఒక్కో మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ లేచి ఎక్కింది అమ్మ. కనుక్కోకుండా తీసుకెళ్లిన తప్పు నాది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నేను కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి. వెబ్‌సైటు నాణ్యత అనే మాట తరగతిలో చాలాసార్లు పలికాను. ఆ మెట్ల మీద అమ్మ పక్కన కూర్చున్నప్పుడు గానీ అది దేన్ని గురించిన మాటో నాకు తెలియలేదు. ఇవాళ మీతో చెప్పబోయేది దాని గురించే. చిన్న, మధ్యతరహా సంస్థల వెబ్‌సైట్లు బాగున్నాయా లేదా అన్నది ఎవరు తేల్చాలి, ఏ కొలబద్దతో తేల్చాలి?

ఈ కొలత గురించి పరిశోధన చాలాకాలంగా జరుగుతోంది. దాని మొదట్లో మనవైపు చదువుకున్న మనిషి ఒకరున్నారు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అమెరికా వెళ్లిన ఎ. పరశురామన్, తన సహచరులు వాలెరీ జైథమల్, లెనర్డ్ బెర్రీలతో కలిసి 1988లో సర్వ్‌క్వాల్ అనే కొలబద్ద తయారుచేశారు. అప్పటికి వెబ్‌సైట్లు పుట్టలేదు. బ్యాంకులు, మరమ్మతు కంపెనీలు, ఇలా సేవలు అమ్మే చోట్ల నాణ్యతను ఎలా లెక్కపెట్టాలన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు పట్టుకున్న కిటుకు సులువుగా అర్థమయ్యేదే. మనిషి ఏం దొరుకుతుందని ఆశించి వచ్చాడు, చివరికి ఏం దొరికింది, ఈ రెంటి మధ్య ఎంత ఎడం ఉంది? ఆ ఎడాన్ని 22 అంశాలతో కొలిచారు.

తర్వాత ఇంగ్లండులో స్టువర్ట్ బార్న్స్, రిచర్డ్ విడ్జెన్ అనే ఇద్దరు వెబ్‌క్వాల్ అనే కొలబద్దను తెచ్చారు. దాని తొలి రూపంతో బిజినెస్ స్కూళ్ల వెబ్‌సైట్లను, తర్వాతి రూపంతో పుస్తకాలమ్మే వెబ్‌సైట్లను కొలిచారు. నన్ను బాగా ఆకట్టుకున్నది వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. జపాను కర్మాగారాల్లో పుట్టిన పద్ధతి ఒకటుంది. వస్తువు తయారుచేసే ముందు, దాన్ని వాడబోయే మనిషి ఏం కావాలంటున్నాడో అతని సొంత మాటల్లోనే రాసుకుంటారు. ఇంజనీరు భాషలోకి మార్చడం ఆ తర్వాతి పని. వెబ్‌క్వాల్ అక్కణ్ణుంచే బయలుదేరింది. అంటే వాళ్ల పద్ధతిలో అమ్మ అడిగిన “లిఫ్టు ఉందా” అన్న మాట అలాగే కాగితం మీదికి ఎక్కాలి.

ఇందులో ఇంకో మెలకువ కూడా ఉంది. ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు వేయమంటారు. ఈ విషయం నీకెంత ముఖ్యం అన్నదానికి 1 నుంచి 7 దాకా ఒక అంకె. ఈ వెబ్‌సైటు అందులో ఎంత బాగుంది అన్నదానికి 1 నుంచి 7 దాకా ఇంకో అంకె. ఆ రెంటినీ గుణిస్తారు. మా అమ్మ లెక్కే వేసి చూద్దాం. లిఫ్టు సంగతి ఆమెకు ఎంత ముఖ్యం? 7. వెబ్‌సైటు చెప్పిందా? లేదు, కాబట్టి 1. గుణిస్తే 7, ఎక్కువలో ఎక్కువ రాగలిగేది 49. బొమ్మల అందం ఆమెకు ఎంత ముఖ్యం? 2. వెబ్‌సైటు ఎంత అందంగా ఉంది? 7. గుణిస్తే 14, ఎక్కువలో ఎక్కువ రాగలిగేదీ 14. రెండూ కలిపితే 63కి 21. మూడోవంతు. ముఖ్యమా కాదా అన్నది పక్కనపెట్టి ఉత్త మార్కులే కూడితే 14కి 8 వచ్చేది, సగం దాటి పాసయిపోయేది. ఒకే వెబ్‌సైటు, ఒకే మనిషి. ముఖ్యమైనదేదో అడిగితే ఒక ఫలితం, అడక్కపోతే ఇంకో ఫలితం.

నా విద్యార్థులు తెచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. ప్రశ్నపత్రం పుస్తకంలోంచి దించుకుంటారు. రంగులు నచ్చాయా, మెనూ తేలిగ్గా ఉందా అని హాస్టల్లో స్నేహితులతో నింపిస్తారు. ఆ స్నేహితుడికి లాడ్జి అవసరం లేదు, మూట కైలీలు, అదే లుంగీలు, కొనే పని అంతకంటే లేదు. అవసరం లేని మనిషి వేసిన మార్కు ఎంత నిజాయితీగా వేసినా దానికి బరువు ఉండదు.

కైలీల మాట వచ్చింది కాబట్టి గుడియాత్తం వెళ్దాం. మా పలమనేరు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగితే వచ్చే ఊరు, కౌండిన్య నది ఒడ్డున. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు శాసనసభకు వెళ్లడానికి ఉపఎన్నికలో నిలబడి గెలిచిన ఊరు అదే. అక్కడ మూడు చేతిపనులు ఊరిని నడిపించాయి: లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు. బజారులో తమిళంతో పాటు తెలుగూ ధారాళంగా నడుస్తుంది.

అక్కడ నాకు తెలిసిన ఒక లుంగీల వ్యాపారి ఉన్నారు. వయసులో నాకంటే పెద్ద. ఆయన కొడుకు ముచ్చటపడి వెబ్‌సైటు చేయించాడు. “చూసిపోతున్నారు గానీ సరుకు అడిగేవాళ్లు లేరు నాయనా, ఏమి కొదవో చూడు” అన్నాడాయన. నేను వెబ్‌సైటు తెరవలేదు. “అన్నా, దుకాణంలో ఒక పూట కూర్చుంటా” అన్నాను.

ఆ పూట ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒకరు, కోలారు నుంచి ఒకరు, ఇంకా ఎవరెవరో. వాళ్లు అడిగినవి వరసగా రాసుకున్నాను. నూలు ఎన్నో నంబరు? చేమగ్గమా, మరమగ్గమా? నిడివి రెండు మీటర్లకు తగ్గదు కదా? ఉతికితే రంగు దిగుతుందా? అంచు కుట్టి ఇస్తారా, విడిగానా? మూటకు ఎన్ని? కనీసం ఎన్ని తీసుకోవాలి? ఏ పార్సిలు ఆఫీసుకు వేస్తారు? జి.ఎస్.టి. బిల్లు ఇస్తారా? రంగు దిగిన సరుకు వాపసు తీసుకుంటారా?

తర్వాత వెబ్‌సైటు తెరిచాం. సంస్థ చరిత్ర ఉంది. ఆశయం ఉంది. దేవుడి పటం ఉంది. లుంగీలు కట్టుకున్న మోడళ్ల ఫోటోలున్నాయి. నేను రాసుకున్న పది ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. బట్ట కొనడానికి వచ్చినవాడు మడత విప్పి వెనకవైపు తిప్పుతాడు, కొస తడిపి రుద్ది రంగు చూస్తాడు, వెలుతురుకు ఎత్తి పట్టి నేత ఎంత దట్టంగా ఉందో చూస్తాడు. ఇది ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు, యాభై ఏళ్లుగా చూస్తున్నదే. ఆ మనిషే ఫోను తెరమీదికి వస్తే చేతులు కట్టేసినట్టు నిలబెట్టేశాం. వెనకవైపు ఫోటో లేదు. అంచు దగ్గరినుంచి తీసిన ఫోటో లేదు.

వెబ్‌సైటు నాణ్యత మీద పరిశోధన చేయాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ముందు దుకాణంలో ఒక పూట కూర్చోండి. వచ్చే ప్రశ్నలు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాసుకోండి. మీ ప్రశ్నపత్రం ఆ చిత్తుకాగితంలోంచి పుట్టాలి.

అక్కడే ఇంకో సంగతి తేలుతుంది. చిన్న, మధ్యతరహా అని మనం ఒకే గాటన కట్టేస్తాం. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం ఏడాదికి 10 కోట్ల దాకా వ్యాపారం చేసేది సూక్ష్మ సంస్థ, 100 కోట్ల దాకా చిన్న సంస్థ, 500 కోట్ల దాకా మధ్యతరహా సంస్థ. పెట్టుబడికి వేరే హద్దులున్నాయి. అంటే గుడియాత్తంలో నాలుగు మగ్గాలవాడూ, ఆంబూరులో బూట్లు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ యజమానీ ఒకే పట్టికలో పడతారు. ఇద్దరి వెబ్‌సైట్లకూ ఒకే ప్రశ్నపత్రం పెట్టి సగటు తీస్తే ఆ సగటు ఇద్దరిలో ఎవరిదీ కాదు.

తోలు వ్యాపారం సంగతి చూడండి. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, 2019 దాకా ఇవన్నీ వెల్లూరు జిల్లాలోనివే. తోలు శుద్ధిచేసిన నీళ్లు పాలారు నదిని, దాని పక్కనున్న బావులను పాడుచేశాయని వెల్లూరు పౌర సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న వచ్చిన ఆ తీర్పు దేశంలో పర్యావరణ న్యాయానికే దారి చూపింది. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని కోర్టు అందులో చెప్పింది. ఇక 2015 మే నుంచి యూరపులో ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో హానికరమైన క్రోమియం-6 కిలోకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. అక్కడి కొనుగోలుదారు ఆంబూరు వెబ్‌సైటు తెరిస్తే మొదట వెతికేది బూటు బొమ్మను కాదు. మీ మురికినీరు ఎక్కడికి పోతుంది, పరీక్ష ఏ ప్రయోగశాలలో చేయించారు, పత్రం ఎప్పటిది? ఈ జవాబులు పాలారు ఒడ్డున ఉన్న రైతుకూ కావాలి. అలాంటి పేజీ ఉండటం వ్యాపారానికీ మేలు, ఊరికీ మేలు.

అగ్గిపెట్టెల సంగతి వేరు. అగ్గిపెట్టె ధర 14 ఏళ్ల తర్వాత 2021 డిసెంబరులో ఒక రూపాయి నుంచి రెండు రూపాయలయింది. పైసల్లో లాభం చూసుకునే ఆ వ్యాపారంలో చిన్న తయారీదారుకు పెద్ద వెబ్‌సైటు చేయించుకోమని నేను చెప్పను. మ్యాపులో సరైన చోట గుర్తు, పనిచేసే ఫోను నంబరు, వాట్సాప్‌లో సరుకు జాబితా ఉంటే చాలు. పరిశోధకులు కూడా వీటిని లెక్కలోకి తీసుకోవాలి. చాలా చిన్న సంస్థలకు వాకిలి ఇప్పుడు అక్కడే ఉంది.

ఇక వేగం. వెబ్‌సైటు చేసే కుర్రవాడు ఆఫీసులో మంచి కంప్యూటరు ముందు, మంచి కనెక్షనుతో చూసుకుంటాడు. చూసే మనిషి కాట్పాడి స్టేషనులో దిగి, చేతిలో సంచులతో, పాత ఫోనులో చూస్తాడు. కెమెరాలోంచి తీసింది తీసినట్టు పెట్టిన ఫోటో ఒక్కోటి 5 మెగాబైట్లు ఉండొచ్చు. అంటే 40 మెగాబిట్లు. సెకనుకు 4 మెగాబిట్లు అందే చోట ఆ ఒక్క ఫోటోకే 10 సెకన్లు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలని, నాలుగు సార్లు తెరిస్తే కనీసం మూడు సార్లు అలా జరగాలని గూగుల్ పెట్టుకున్న కొలత. దీన్ని ఎవరైనా ఉచితంగా పరీక్షించుకోవచ్చు. ఫోటో పరిమాణం తగ్గించడం పది నిమిషాల పని.

భాష దగ్గర కొంచెం ఆగాలి, నాకు బాధ కలిగించే విషయం ఇది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌ను అధికారిక ప్రమాణంగా తీసుకుంది. అయినా ఎన్నో చిన్న సంస్థల్లో పాంప్లెట్లు ఇంకా పాత డి.టి.పి. ఫాంట్లలోనే తయారవుతున్నాయి. వాటిలోని అక్షరాలు తెచ్చి వెబ్‌సైటులో పెడితే గజిబిజిగా కనబడతాయి. ఆ బాధ పడలేక పాంప్లెట్టునే బొమ్మగా పెట్టేస్తారు. కంటికి తెలుగే, తమిళమే. కానీ వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అది మాటలు లేని ఉత్త బొమ్మ. చదవడం రాని మనిషి ఫోనులో మాట్లాడి వెతికినా ఆ అక్షరాలు దాని లెక్కలోకి రావు. వెల్లూరు వీధిలో బోర్డు మీద “తెలుగు మాట్లాడబడును” అని రాసిపెట్టుకునే లాడ్జి, వెబ్‌సైటులో ఇంగ్లీషు తప్ప ఇంకేదీ పెట్టదు. బోర్డు రాయించినప్పుడు ఆ యజమానికి తన అతిథి ఎవరో స్పష్టంగా తెలుసు. వెబ్‌సైటు చేయించేటప్పుడు ఆ తెలివిడిని ఎందుకు పక్కన పెట్టాడో నాకు అర్థం కాదు.

ఒక ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ నాకు కనబడలేదు. వెబ్‌సైటు పేరు ఎవరి పేరున ఉంది? తాళం ఎవరి దగ్గర ఉంది? 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చాక కంప్యూటరు తప్పనిసరైంది, దుకాణానికో కుర్రవాడు వచ్చాడు. అతనో, అతని స్నేహితుడో వెబ్‌సైటు చేసిపెట్టాడు. డొమైను అతని ఈమెయిలుతో కొన్నాడు. రెండేళ్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఏడాదికోసారి కట్టాల్సిన డబ్బు కట్టమని ఉత్తరం అతనికి పోతుంది, యజమానికి రాదు. ఒకరోజు వెబ్‌సైటు మాయమవుతుంది. లేదా మాయం కాకుండా, మారిపోయిన ఫోను నంబరుతో, నాలుగేళ్ల కిందటి ధరలతో అలాగే నిలబడి ఉంటుంది. ఆ లాడ్జి వెబ్‌సైటులో నాకు దొరికిన నంబరు కూడా అలాంటిదే అయ్యుంటుంది. దుకాణం తాళంచెవి ఇంకొకరి ఇంట్లో పెట్టి ఎవరూ నిద్రపోరు. అలాంటప్పుడు డొమైను పాస్‌వర్డు యజమాని దగ్గర ఉందా అన్నది ఏ నాణ్యతా పరిశోధనలోనైనా మొదటి వరసలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇదంతా పెద్ద ఖర్చుతో అయ్యే పని అనుకోకండి. వెబ్‌సైట్ల వాడుకను ఏళ్లతరబడి గమనించిన జేకబ్ నీల్సన్ 2000లో ఒక మాట చెప్పారు. ఐదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లు వాడుతుంటే చూస్తే, ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని. ఆ అంకె అన్నిచోట్లా అంతే ఉంటుందా అన్నదాని మీద తర్వాత వాదాలు నడిచాయి. కానీ ఒక్కరినీ చూడకపోవడం కంటే ఐదుగురిని చూడటం ఎంతో మేలన్నది నా అనుభవం. ఒక్కో రకం మనుషుల్లోంచి ఐదుగురు కావాలి. ఆస్పత్రి వీధిలో లాడ్జికైతే తమిళం చదివేవాళ్లు ఐదుగురు, తెలుగు చదివేవాళ్లు ఐదుగురు, బెంగాలీలు ఐదుగురు. “రేపటికి కింది అంతస్తులో గది ఉందేమో కనుక్కోండి” అని వాళ్ల ఫోనే వాళ్ల చేతికిచ్చి, మనం నోరు మూసుకుని చూడాలి. ఆ నోరు మూసుకోవడమే కష్టం. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఎక్కడ విసిగి ఫోను కింద పెట్టారు, అన్నీ రాసుకోవాలి.

వెల్లూరు చుట్టుపక్కల విద్యార్థులకు కొదవ లేదు. 1984లో మొదలైన వి.ఐ.టి. ఉంది, సేర్కాడులో తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం ఉంది. గుడియాత్తంలో ప్రభుత్వ తిరుమగళ్ మిల్స్ కళాశాల ఉంది. ఈ పిల్లల్లో తెలుగు వచ్చినవాళ్లు చాలామందే. సెమిస్టరుకు ఒక వీధి పట్టుకుని, ఒక్కో దుకాణం పక్కన ఒక్కో పూట కూర్చుంటే, వాళ్ల ప్రాజెక్టుకు అంతకంటే మంచి సరుకు దొరకదు. ఆ యజమానులకు తిరిగి వెళ్లి ఫలితం వాళ్ల భాషలో చదివి వినిపించాలి కూడా. చాలా పరిశోధనలు బైండింగు చేయించాక బీరువాలోకి వెళ్తాయి, అడిగిన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పిన మనిషికి మాత్రం ఏమీ అందదు.

గుడియాత్తం అన్న వెబ్‌సైటు సంగతి చెప్పలేదు కదా. మోడళ్ల ఫోటోలు అలాగే ఉంచుకున్నారు, కొడుక్కి అవంటే ఇష్టం. వాటి పైన ఆ పది ప్రశ్నలూ పెట్టారు, కింద పది జవాబులు. తమిళంలో, తెలుగులో, కన్నడంలో. నూలు నంబరు, నిడివి, మూట లెక్క. రంగు దిగితే వాపసు తీసుకుంటామన్న జవాబు రాయడానికి మాత్రం ఆయన రెండు రోజులు ఆలోచించాడు. రాస్తే కట్టుబడాలి కదా అన్నాడు. మూడో రోజు పొద్దున ఫోను చేసి, రాసెయ్యమన్నాడు.

అమ్మను మళ్లీ వెల్లూరు తీసుకెళ్లినప్పుడు ముందు నాలుగు లాడ్జీలకు ఫోను చేశాను. నాలుగోచోట ఎత్తినాయన నేను అడక్కముందే, “పేషెంటు నడవగలరా సార్, మెట్లు ఎక్కగలరా?” అని తెలుగులో అడిగాడు. ఆ లాడ్జికి వెబ్‌సైటు లేదు. మ్యాపులో పేరు, నంబరు, వాకిలి ఫోటో ఉన్నాయి. వాకిట్లో మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి వేసిన ఏటవాలు దారి ఆ ఫోటోలో కనబడుతోంది. అమ్మకు చూపించాను. ఫోను దగ్గరికి తీసుకుని చూసి, “ఇక్కడికే పోదాం” అంది.